చిల్లు కాని, వెండి రూపాయి, వరహా: కొత్త కెమెరాతో నాణేలను ఫోటో తీయడం ఎలా?

కొత్త కెమెరా చేతికి రాగానే ముందు ఇంట్లో పిల్లల్ని తీస్తాం. ఆ తర్వాత తెల్లవారుజామున మైపాడు బీచికి వెళ్లి సూర్యోదయం తీస్తాం. ఆ మోజు కాస్త తీరాక కన్ను పూజగదిలో ఉన్న రాణిబొమ్మ రూపాయి మీదో, తాతగారి ట్రంకుపెట్టెలో గుడ్డలో మూటగట్టిన రాగి కానుల మీదో పడుతుంది. చిన్న వస్తువే కదా, కదలదు, అలగదు, ఎంత కష్టం అనుకుంటాం. తీసి చూస్తే కంటికి మిలమిలలాడిన వెండి రూపాయి ఫోటోలో నల్లగా ఉంటుంది, లేదంటే సగం తెల్లగా కాలిపోయి ఉంటుంది.

ఇక్కడే చాలామంది మాక్రో లెన్సు (చిన్న వస్తువుల్ని చాలా దగ్గర నుంచి పెద్దగా తీసే లెన్సు) ధరలు వెతకడం మొదలుపెడతారు. ఇప్పుడే వద్దు. కెమెరాతో పాటు వచ్చే 18–55 మిల్లీమీటర్ల లెన్సుతో, అంటే కిట్ లెన్సుతో, వెండి రూపాయిని చక్కగా తీయొచ్చు. నాణెం అంటే లోహం, లోహం చేసే పని చుట్టూ ఉన్న వెలుగును తిరిగి మన మీదికి కొట్టడం. అందుకని దీపం ఎక్కడ పెట్టారన్నదాని మీదే ఫోటో చాలావరకు ఆధారపడి ఉంటుంది. డబ్బు ఖర్చుపెట్టాలనుకుంటే ముందు రెండు మంచి టేబుల్ లైట్ల మీద పెట్టండి.

ముందుగా: తోమకండి

ఫోటో కోసమని నాణేన్ని చింతపండు పెట్టి తోమొద్దు. నిమ్మచెక్క, విబూది, గిన్నెలు తోమే పౌడరు, టూత్‌పేస్టు, ఇవేవీ వద్దు. చింతపండులోని పులుపు లోహం పైపొరను కరిగించేస్తుంది. రాగి మీద యాభై, అరవై ఏళ్లుగా పట్టిన గోధుమరంగు పొర పోయి గులాబీరంగు రాగి బయటపడుతుంది, అది మళ్లీ పాత రంగుకు రాదు. సేకరణ చేసేవాళ్లు అలాంటి నాణేన్ని చూడగానే పక్కన పెట్టేస్తారు. ఫోటోగ్రాఫర్‌గా మీకు ఇంకో నష్టం కూడా ఉంది. తోమినప్పుడు పడిన సన్నటి గీతలు చేతిలో ఉన్నప్పుడు కనిపించవు, లైటు కింద మాత్రం ఒక్కొక్కటీ మెరుస్తూ లేచి నిలబడతాయి.

దుమ్ము మాత్రం తీయాలి. లెన్సు శుభ్రం చేసే రబ్బరు బ్లోయరుతో రెండు మూడుసార్లు గాలి కొడితే చాలు. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. పూజలో పెట్టిన రూపాయి అక్షరాల సందుల్లో పసుపు కుంకుమలు ఇరుక్కుని ఉంటే, ముందు ఆ నాణెం ఎవరి పూజదో వాళ్లను, అమ్మనో అత్తమ్మనో, అడగండి. ఒప్పుకుంటే డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు నానబెట్టి మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి అద్దండి. రుద్దకండి. ఒప్పుకోకపోతే కుంకుమతోనే తీయండి, ఆ ఫోటోకీ ఒక అందం ఉంటుంది.

పట్టుకునేటప్పుడు అంచుల్ని రెండు వేళ్లతో పట్టుకోవాలి. చేతి చెమట మామూలుగానే లోహానికి మంచిది కాదు, మన కోస్తా ఉక్కలో అయితే చెప్పక్కర్లేదు. కింద ఒక తువ్వాలు పరుచుకుని పని చేస్తే, జారినా గచ్చు మీద పడదు.

బల్ల, పలక, అద్దం

వెనక ఏముండాలి? ఇంట్లో చీమకుర్తి గ్రానైటు ముక్క ఉంటుంది కదా, నల్లగా బాగుంటుందని దాని మీద పెట్టబుద్ధేస్తుంది. పాలిష్ చేసిన గ్రానైటులో మీ లెన్సు, సీలింగు, ఫ్యాను అన్నీ కనిపిస్తాయి. పైగా ఆ రాతిలోని బంగారు చుక్కలు నాణెంతో పోటీ పడతాయి. దాని బదులు మార్కాపురం రాతి పలక తెచ్చుకోండి. చదునుగా ఉంటుంది, మెరుపుండదు, బూడిదనలుపు రంగు రాగికీ వెండికీ రెండింటికీ నప్పుతుంది. దొరక్కపోతే మెరుపులేని బూడిదరంగు చార్టు కాగితం సరిపోతుంది. తెల్లకాగితం మీద కూడా తీయొచ్చు కానీ నీడల విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలి.

ఒక చిట్కా ఉంది. నాణేన్ని నేరుగా పలక మీద పెట్టకుండా, దానికంటే చిన్నదైన సీసా మూత మీదో రబ్బరు ముక్క మీదో కాస్త ఎత్తులో పెట్టండి. నీడ కిందికి, దూరంగా పడుతుంది. వెనకున్న పలక గరుకు కూడా మసకబారి నాణెం ఒక్కటే స్పష్టంగా నిలుస్తుంది.

కెమెరా పైనుంచి నిటారుగా కిందికి చూడాలి. చేత్తో పట్టుకుని తీస్తే ఎన్ని తీసినా ఒకదానికొకటి పోలిక ఉండదు. ట్రైపాడ్ మధ్య కడ్డీని అడ్డంగా తిప్పే వీలుంటే అలా బిగించండి. ఆ వీలు లేకపోతే రెండు కాళ్లు బల్ల అంచుకు ఆనించి, ముందుకు పడిపోకుండా వెనక కాలికి రెండు కిలోల బియ్యం సంచి కట్టండి. కిందికి వంచితే కిట్ లెన్సు జూమ్ దానంతటదే జారుతుంది, లెన్సు గొట్టం చుట్టూ ఒక రబ్బరుబ్యాండు వేస్తే ఆగుతుంది.

నిటారుగా ఉందో లేదో కంటికి తెలియదు. నాణెం పెట్టే చోట చిన్న చేతి అద్దం పెట్టండి. కెమెరా తెరలో మీ లెన్సే కనిపిస్తుంది. ఆ లెన్సు ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యలోకి వచ్చేదాకా కెమెరాను సవరించండి. మధ్యలోకి వచ్చిందంటే కెమెరా, బల్ల ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నట్టే. ఈ పని ఎందుకంటే, కొద్దిగా వాలినా గుండ్రటి నాణెం కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది, ఒక అంచు ఫోకస్‌లో ఉంటే ఇంకో అంచు మసకవుతుంది.

ఎంత దగ్గరికి వెళ్లొచ్చు? జూమ్‌ను 55కి తిప్పి, లెన్సు ఫోకస్ చేయగలిగినంత దగ్గరికి తీసుకెళ్లండి. చాలా కిట్ లెన్సులకు అది పాతిక సెంటీమీటర్లు. ఈ దూరాన్ని లెన్సు మూతి నుంచి కొలవరు, లోపలి సెన్సార్ నుంచి కొలుస్తారు. కెమెరా పైభాగంలో సున్నాకి అడ్డగీత పెట్టినట్టు ఒక గుర్తుంటుంది, సెన్సార్ ఉన్నది అక్కడే. అంటే లెన్సు మూతికీ నాణేనికీ మధ్య ఇంకా ఒక జానెడు కూడా మిగలదు. లైటు ఆ సందులోంచే రావాలి. మాక్రో లెన్సు కొనేటప్పుడు 100 మిల్లీమీటర్లది తీసుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే, అది దూరం నుంచే పెద్దగా చూపిస్తుంది కాబట్టి లైటుకు చోటు మిగులుతుంది.

సెట్టింగులు

ఇది పెద్ద విషయం కాదు, ఒకసారి పెట్టుకుంటే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. డయల్ మాన్యువల్ మీద పెట్టండి. ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సార్ స్పందించే తీరు) 100. అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8. షట్టరు ఎంతైనా కానివ్వండి, అర సెకను పట్టినా నాణెం ఎక్కడికీ పోదు. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, బటన్ నొక్కిన అదురు ఆగాక ఫోటో పడుతుంది. ఎఫ్ 16, 22 దాకా మూస్తే అంతా స్పష్టంగా వస్తుందనుకుంటారు. నిజానికి రంధ్రం అంత చిన్నదైతే వెలుగు చెదిరి మొత్తం ఫోటో మెత్తబడుతుంది, దగ్గర నుంచి తీసేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ.

ఫోకస్ కూడా మాన్యువలే. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ, భూతద్దం గుర్తు నొక్కి, సంవత్సరం అంకె మీదికి పదిరెట్లు పెద్దది చేసి, నెమ్మదిగా రింగు తిప్పండి. ఫోటో తీసే ముందు ఫ్యాను కట్టేయండి. మే నెలలో నెల్లూరులో ఫ్యాను కట్టేయమనడం దారుణమే, కానీ అది తిరుగుతుంటే లైటు ముందు కట్టిన కాగితం ఊగుతుంది, నీడలు ఊగుతాయి.

వెలుగు కొలతలో కొత్తవాళ్లను కెమెరా మోసం చేసేది ఇక్కడ: వెనక తెల్లకాగితం ఉంటే కెమెరా వెలుగు ఎక్కువుందనుకుని నాణేన్ని నల్లగా చేస్తుంది, వెనక నల్లటి పలక ఉంటే చీకటనుకుని నాణేన్ని తెల్లగా కాల్చేస్తుంది. అందుకే మాన్యువల్. బాగా తెల్లబడిన చోట్లు మిణుకుమనే హెచ్చరికను మెనూలో ఆన్ చేసుకోండి. మిణుకుమన్నది పిన్నుమొన అంత ఉంటే ఫర్వాలేదు, రాజుగారి చెంప మొత్తం మిణుకుమంటే షట్టరు వేగం పెంచండి.

రంగుకు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉంచొద్దు. ఫ్రేమ్ నిండా రాగి ఉంటే కెమెరా ఆ ఎరుపు తప్పనుకుని తీసేస్తుంది. అదే లైటు కింద తెల్లటి ఏ4 కాగితం పెట్టి కస్టమ్‌గా సెట్ చేసుకోండి. గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి, కిటికీ కర్టెన్ వేయండి. రెండు రకాల వెలుగులు కలిస్తే నాణెం ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా వస్తుంది, అది ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు.

లైటు

ఇక్కడ తొందరపడకండి. ఒక సాయంత్రం అంతా దీనికే పెట్టుకున్నా ఎక్కువేం కాదు.

మెడ వంగే టేబుల్ లైటు ఒకటి తీసుకోండి. బల్బు ఎల్‌ఈడీది అయితే డబ్బా మీద సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 లేదా అంతకంటే ఎక్కువ అని ఉన్నది కొనండి. చవక బల్బులు ఎరుపును సరిగ్గా చూపించవు, రాగి నాణేలు పాలిపోతాయి. నాణేన్ని గడియారం అనుకుంటే లైటు పన్నెండు దగ్గర ఉండాలి. ఇప్పుడు కెమెరా తెర మీద చూస్తూ లైటును బల్ల దగ్గరికి దించండి, మెల్లగా పైకి లేపండి. అదే నాణెం తెర మీద రకరకాలుగా మారిపోవడం చూస్తారు.

లైటు కిందికి, బల్లకు దగ్గరగా ఉన్నప్పుడు ప్రతి అక్షరానికీ నీడ పడుతుంది. పొద్దుగూకే వేళ ఏటవాలు ఎండలో దుక్కిలోని చాళ్లు ఎలా తేలి కనిపిస్తాయో అలా. అరిగిపోయిన రాగి కాని మీద సంవత్సరం చదవాలంటే ఇదే దారి. మిట్టమధ్యాహ్నం కంటికి ఏమీ కనిపించని చోట 1862 అన్న అంకెలు లేచి వస్తాయి. కానీ ఈ వెలుగులో నాణెం ఉన్నదానికంటే గరుకుగా, ముసలిగా కనిపిస్తుంది. రికార్డుకు మంచిది, అందానికి కాదు.

లైటును పైకి, లెన్సు పక్కదాకా లేపితే నీడలు తగ్గి లోహం మెరుపు వస్తుంది. బ్యాంకు నుంచి వచ్చి ఎవరి చేతిలోనూ నలగని కొత్త నాణెం మీద, అటూ ఇటూ వంచినప్పుడు గిర్రున తిరిగే మెరుపు ఉంటుంది చూశారా, దాన్ని పట్టాలంటే రెండు లైట్లు పది దగ్గర ఒకటి, రెండు దగ్గర ఒకటి పెట్టి, వీలైనంత నిటారుగా లేపాలి. మధ్యలో పరదా ఏమీ కట్టకూడదు, కడితే మెరుపు చచ్చిపోతుంది.

నల్లబడిన పాత వెండి రూపాయికి దీనికి వ్యతిరేకం. లైటు ముందు ట్రేసింగ్ పేపరు కట్టండి. వెలుగు మెత్తబడి, వెండి మీద పట్టిన నీలం, ఊదా, బంగారు ఛాయలు బయటికి వస్తాయి. పేపరును బల్బుకు ఆనించొద్దు, దూరంగా పట్టండి.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, లైటు ఎప్పుడూ పైనుంచి, పన్నెండు వైపు నుంచే రావాలి. కిందనుంచి, ఆరు వైపు నుంచి వస్తే ఉబ్బెత్తు అక్షరాలు లోతుగా చెక్కినట్టు కనిపిస్తాయి, రాజు ముఖం గుంటగా మారిపోతుంది. రెండోది, బొమ్మ ఎటు చూస్తోందో లైటును కాస్త అటు జరపండి. విక్టోరియా రాణి రూపాయి మీద ఆమె ఎడమకు చూస్తుంది, లైటు పదకొండు దగ్గర ఉంటే ముఖం మీద వెలుగు పడి, జడ వైపు నీడ పడుతుంది.

మీ చొక్కా కూడా చూసుకోండి. వెండి అద్దంలా పనిచేస్తుంది కాబట్టి ఎర్రచొక్కా వేసుకుని కెమెరా మీదికి వంగితే నాణెం మీద ఎరుపు పడుతుంది. పచ్చరంగు, నీలం రంగు గోడలు కూడా అంతే.

అద్దంలా నున్నగా ఉండే ప్రూఫ్ నాణేలకు (సేకరణ కోసం ప్రత్యేకంగా ముద్రించేవి) మాత్రం ఇవేవీ పనిచేయవు. ఫోటో ఫ్రేమ్‌లోని మామూలు గాజు అద్దం ఒకటి తీసి, నాణేనికీ లెన్సుకీ మధ్య 45 డిగ్రీల వాలులో నిలబెట్టండి. లైటును పక్కనుంచి అడ్డంగా ఆ అద్దం మీద కొట్టాలి, నాణెం మీద నేరుగా పడకుండా మధ్యలో అట్టముక్క పెట్టాలి. అద్దం ఆ వెలుగును నిటారుగా కిందికి పంపుతుంది, నాణెం దాన్ని తిరిగి పైకి లెన్సులోకి పంపుతుంది. నాణెం మీది నున్నటి ఖాళీభాగం ధగధగలాడి, బొమ్మ గీతలు నల్లగా తేలతాయి. కుదరడానికి ఓపిక కావాలి.

ఏ నాణేనికి ఏం చూడాలి

చిల్లు కానితో మొదలుపెట్టండి. 1943 నుంచి 1947 దాకా వచ్చింది, దాదాపు ప్రతి ఇంట్లో ఒకటైనా దొరుకుతుంది, పాడైనా పెద్ద నష్టం లేదు. ఒక వైపు ఆకుల దండ, ఇంకో వైపు కిరీటం, సంవత్సరం. దీన్ని సీసా మూత మీద పెడితే చిల్లులోంచి మూత కనిపిస్తుంది, కాబట్టి నేరుగా పలక మీదే పెట్టాలి. చిల్లు లోపలి అంచు మీద వెలుగు కాలిపోకుండా చూసుకోవడమే ఇందులో పరీక్ష.

తర్వాత అల్యూమినియం పైసలు. ఆరుమూలల మూడు పైసలు, చదరం అయిదు పైసలు, పూలరేకుల అంచున్న పది పైసలు పిల్లలకు చూపించడానికి భలే ఉంటాయి. 1968లో మొదలైన తామరపువ్వు ఇరవై పైసల పసుపురంగును సరిగ్గా తీస్తే మీ వైట్ బ్యాలెన్స్ కుదిరినట్టే. ఇలాంటి నాణేల మీద సంవత్సరం కింద ముద్రణాలయం గుర్తు ఉంటుంది: డైమండ్ ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఆ గుర్తు ఆవగింజంత ఉంటుంది. దాన్ని విడిగా దగ్గర నుంచి ఇంకో ఫోటో తీయండి.

వెండి రూపాయి సుమారు 30 మిల్లీమీటర్ల వెడల్పు, 11.66 గ్రాముల బరువు. రెండు వైపులతో ఆగకండి, అంచును కూడా తీయండి. నాణేన్ని మైదాపిండి ముద్దలో గుచ్చేకంటే రెండు రబ్బరు ముక్కల మధ్య నిలబెట్టడం మేలు. అచ్చులో పోసిన నకిలీ రూపాయలకు అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది, అంచు మీది నిలువు గీతల మధ్య దూరం సమంగా ఉండదు. అనుమానం ఉంటే చిన్నబజారులో తెలిసిన ఆచారి గారి దగ్గర తూకం వేయించుకోండి. పాత రూపాయి నకిలీలు బజారులో బోలెడు.

విజయనగరం వరహా దొరికితే అదృష్టమే. మూడున్నర గ్రాముల లోపు బంగారం, చిటికెన వేలి గోరంత ఉంటుంది. కృష్ణదేవరాయలు 1514లో మన ఉదయగిరి కోటను గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లాడు. ఆయన వరహాల మీద కూర్చున్న బాలకృష్ణుడు ఆ గెలుపుకు గుర్తేనని చెబుతారు. ఇంత చిన్న నాణేనికి కిట్ లెన్సు చాలదు. మాక్రో లెన్సు కంటే ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ప్రయత్నించండి, కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలవి, ధర చాలా తక్కువ. ఇంత దగ్గరికి వెళ్తే ఫోకస్‌లో ఉండే మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. అద్దంతో సరిచూసే పని ఇక్కడ తప్పనిసరి.

శాతవాహనుల సీసపు నాణేలు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, తెల్లటి పొడి రాలుతుంటే అసలు కదపొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. వాటికి ఏటవాలు లైటే గతి. రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఉన్నవి మన తీరంలో ప్రసిద్ధి.

తీసి దాచుకోవడం

నెల్లూరు దగ్గర 1786 ప్రాంతంలో ఒక రైతు దున్నుతుంటే నాగలి పాత గుడి ఇటుకలకు తగిలి, కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫాస్టినాల బొమ్మలున్నవి. అప్పటి మద్రాసు గవర్నర్ డేవిడ్‌సన్ రాసిన ఉత్తరం వల్ల ఈ సంగతి మనకు తెలుసు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగించేశారు. కొన్నిటికి నగల్లో వేసుకున్నట్టు చిల్లులు కూడా ఉన్నాయట, మన కాసులపేరు అలవాటు అంత పాతదన్నమాట. కరిగిపోయినవి ఎలా ఉండేవో ఇప్పుడు చూసే దారి లేదు. మీ ఇంట్లో నాణేలు అన్నదమ్ములు పంచుకునేలోపే ఫోటోలు తీసి పెట్టమనేది అందుకే.

రెండు వైపులూ ఒకే లైటులో, ఒకే దూరంలో తీయండి. బొమ్మ, బొరుసు రెండూ నిటారుగా ఉండాలి. ఒక ఫోటోలో పక్కన స్కేలు పెట్టండి. రా ఫైల్ (కెమెరా ఏమీ మార్చకుండా దాచే అసలు ఫైలు), జేపెగ్ రెండూ సేవ్ అయ్యేలా పెట్టుకోండి. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు వైపులనూ పక్కపక్కన చేర్చొచ్చు. షార్ప్‌నెస్ కొద్దిగా పెంచండి, రంగు మాత్రం పెంచకండి. ఫైలుకు పేరు 'వెండిరూపాయి_1882_బొమ్మ' అన్నట్టు పెడితే ఏడాది తర్వాత కూడా వెతుక్కోవచ్చు.

నాణేలను మళ్లీ మెత్తటి ప్లాస్టిక్ పర్సుల్లో పెట్టొద్దు. పీవీసీ కవర్లు కొన్నాళ్లకు జిగురొచ్చి రాగిని ఆకుపచ్చగా చేస్తాయి. మైలార్ (పీవీసీ లేని పారదర్శక పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు వాడండి. కెమెరాకు కూడా గాలి చొరని డబ్బా, సిలికా జెల్ సంచులు కావాలి, మన తేమకు లెన్సు లోపల బూజు పడుతుంది.

పొలంలోనో పునాదిలోనో దొరికిన పాత నాణేలైతే దారి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటిన ఏ నిధి నేలలో దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. అక్కడ దొరికినవి దొరికినట్టే ఫోటో తీసి, కడగకుండా అప్పగించండి.

సొంత నాణేల ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టాక 'మీ చిల్లు కానికి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అని ఫోన్లు రావడం మామూలే. ఇలాంటి ఆఫర్లు నమ్మొద్దని, వీటితో తమకు ఏ సంబంధమూ లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఫోటో పెట్టేటప్పుడు ఇంటి చిరునామా, ఫోన్ నంబరు పెట్టకండి. ఫోన్‌తో తీసిన ఫోటో అయితే అందులో లొకేషన్ నమోదై ఉండొచ్చు, పంపేముందు దాన్ని తీసేయండి.